గట్టి స్ప్రింగు, గువ్వలచెరువు ఘాటు, మా అమ్మ నడుము

కడప నుంచి రాయచోటికి పోతుంటే పాలకొండలు ఎక్కే గువ్వలచెరువు ఘాటు రోడ్డు మీద ఒక ఎడమ మలుపు ఉంది. మలుపు నడిమధ్యలో, బండి పూర్తిగా ఒరిగి ఉండే చోట, ఎప్పుడో తవ్వి పూడ్చిన అతుకు ఒకటి రోడ్డుకు అడ్డంగా ఉండేది. బొటనవేలి మందం కూడా ఉండదు. అక్క వాళ్లది రాయచోటి కాబట్టి వారం తప్పించి వారం ఆ దారినే పోతుంటాను. కొన్ని వందల సార్లు దాని మీదుగా పోయి ఉంటాను గానీ, అక్కడ అతుకు ఒకటుందని నాకెప్పుడూ తెలియలేదు. బండికి కొత్త స్ప్రింగులు వేయించిన తర్వాత మొదటి ఆదివారం తెలిసింది. యాభై మీద పోతున్నాను. అతుకు తగలగానే వెనక చక్రాలు రెండూ లేచి, జానెడు కుడిపక్కకు జరిగి కూర్చున్నాయి. ఎదురుగా బండల లోడుతో లారీ దిగుతోంది. ఏమీ కాలేదు. లారీ దాని దారిన అది పోయింది. గువ్వలచెరువులో పాలకోవా అంగడి ముందు బండి ఆపేదాకా నా అరచేతుల్లో చెమట మాత్రం ఆరలేదు.

వెనక సీట్లోంచి అమ్మ అడిగింది. “ఏందిరా, బండి చెడిపోయిందా?”

“లేదమ్మా, నిన్ననే బాగు చేయించినా.”

ఆ “బాగు” ఏమిటో చెబుతాను. నాది 2018 స్విఫ్ట్, పెట్రోలు. అరవై రెండు వేలు తిరిగింది. మలుపుల్లో కాస్త ఎక్కువ ఒరుగుతోందని అనిపించేది. నిజం చెప్పాలంటే అది సగం కారణమే. టైరుకూ దాని పైన రేకుకూ మధ్య నాలుగు వేళ్ల సందు చూసినప్పుడల్లా, పొట్టి ప్యాంటు వేసుకున్న పెళ్లికొడుకులాగా కనపడేది నా బండి. అందుకని బండిని 35 మిల్లీమీటర్లు కిందికి దించే గట్టి స్ప్రింగులు, వాటితోబాటు పదహారు అంగుళాల అల్లాయ్ చక్రాలు తెప్పించాను. అమ్మినాయన “హ్యాండ్లింగ్ అదిరిపోతుంది సార్, కంఫర్ట్ కొంచెం తగ్గుతుంది, అంతే” అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలట. మెత్తగా ఉంటే మలుపులో ఒరుగుతుంది, మలుపులో పట్టు కావాలంటే నడుము విరుగుతుంది. తక్కెడలో రెండు పళ్లేలన్నమాట.

నా వాదన ఏమిటంటే, మన రోడ్ల మీద ఈ తక్కెడ లెక్క చాలా దూరం వరకు తప్పు. కుదుపు తక్కువగా ఉండటానికీ మలుపులో పట్టు ఉండటానికీ మూలం ఒకటే. టైరు రోడ్డును వదలకుండా ఉండటం. గాల్లో ఉన్న టైరు మలుపూ తిప్పలేదు, సుఖమూ ఇవ్వలేదు. ఆ పని సరిగ్గా జరిగిన తర్వాత మాత్రమే రెంటిలో ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న బేరం మొదలవుతుంది. నాలాగా అరిగిపోయిన సామాను మీద కొత్త స్ప్రింగులు ఎక్కించే వాళ్లం ఆ బేరం దాకా అసలు పోనే పోము.

షాక్ అబ్జార్బర్‌ను మా మెకానిక్ షెడ్లలో షాకబ్ అంటారు, నేనూ అట్లే రాస్తాను. షాక్ అబ్జార్బర్ అన్న పేరే మనల్ని సగం తప్పుదారి పట్టిస్తుంది. గుంత దెబ్బను మింగేది ముందు టైరు, తర్వాత స్ప్రింగు. షాకబ్ పని వేరు. బ్యాంకుల్లో, ఏటీఎం గదుల్లో అద్దం తలుపు పైన మడత చేయి లాంటిది ఉంటుంది చూడండి. దాని డబ్బాలో ఒక స్ప్రింగు, కాస్త ఆయిలు. తలుపును మూసేది స్ప్రింగు. ధడేలుమని కొట్టుకోకుండా పట్టి ఉంచేది ఆయిలు. ఆయిలు కారిపోయిన తలుపు ఎలా కొట్టుకుంటుందో అందరికీ తెలుసు. ఆ తలుపుకు ఇంకా గట్టి స్ప్రింగు వేస్తే? అద్దం పగులుతుంది. నేను బండికి చేయించింది అచ్చం అదే.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. స్ప్రింగు గట్టిదనాన్ని 30 శాతం పెంచామనుకోండి. బండి పైకీ కిందికీ ఊగే వేగం వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే దాదాపు 14 శాతం. ఆ ఊపును ఆపడానికి అంతకుముందు కన్నా ఎక్కువ బలమున్న షాకబ్ కావాలి. పాతదే ఉంచేస్తే, అది కొత్తగా మెరుస్తున్నా సరే, దాని అదుపు 12 శాతం తగ్గినట్లే. ఇక అరవై వేలు తిరిగిన షాకబ్ అయితే చెప్పేదేముంది. స్ప్రింగు గట్టిది, ఆపేవాడు ముసలివాడు. ఆ ఎడమ మలుపులో అతుకు తగిలినప్పుడు నా బండి వెనక భాగం లేచిందంటే వింతేమీ లేదు.

బండి కిందికి దిగడం వల్ల ఇంకో ముడి పడింది. షాకబ్ రాడ్డు మీద బంప్ స్టాపర్ అని రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. చక్రం పైకి వచ్చి వచ్చి చివరికి దాన్ని తాకుతుంది. 35 మిల్లీమీటర్లు దించితే ఆ దూరం ముందే 35 తగ్గిపోయింది. వెనక అమ్మ, అక్కకు తీసుకుపోతున్న బియ్యం మూట, మలుపులో బయటివైపు పడే బరువు. ఇవన్నీ కలిసి బయటి చక్రం స్టాపర్‌కు ఆనుకునే ఉంది. అప్పుడు అతుకు వచ్చింది. స్టాపర్‌కు ఆనిన చక్రానికి స్ప్రింగు ఉన్నా లేనట్టే, ఒక్కసారిగా రాయిలా మారుతుంది. ఆ క్షణంలో వెనక టైరు పట్టు వదిలేసింది. “హ్యాండ్లింగ్ కోసం కంఫర్ట్ వదులుకున్నా” అని నేను అనుకున్నాను గానీ, ఆ రోజు రెండూ పోయాయి.

ఇప్పుడు ఒరగడం సంగతి. ఒరిగితే పట్టు పోతుందని మనందరి నమ్మకం, నాదీ అదే. లెక్క కడితే కథ వేరుగా ఉంది. వెయ్యి కిలోల బండి, దాని బరువు కేంద్రం నేలకు అరమీటరు ఎత్తున, ఎడమ కుడి టైర్ల మధ్య మీటరున్నర అనుకుందాం. గురుత్వాకర్షణలో సగం బలంతో మలుపు తిరిగితే లోపలి టైర్ల మీంచి బయటి టైర్ల మీదికి దాదాపు 167 కిలోల బరువు మారుతుంది. ఇందులో స్ప్రింగు ఊసే లేదు. స్ప్రింగులు తీసేసి వాటి చోట ఇనుప కడ్డీలు పెట్టినా ఆ 167లో చెప్పుకోదగ్గ తేడా రాదు. గట్టి స్ప్రింగు చేయగలిగింది ఆ బరువును ముందు ఇరుసుకు ఎంత, వెనక ఇరుసుకు ఎంత అని పంచడం, బండి ఎంత ఒరిగి ఆగాలో నిర్ణయించడం. మరి కిందికి దించితే? బరువు కేంద్రం 35 మిల్లీమీటర్లు దిగితే 167 కాస్తా 155 అవుతుంది. నాలుగు టైర్ల మీద కలిపి పన్నెండు కిలోలు! వెనక సీట్లోంచి బియ్యం మూట దించేసి ఉంటే బయటి టైర్ల మీద అంతకంటే ఎక్కువ బరువు తగ్గేది.

పైగా స్విఫ్ట్ లాంటి చిన్న కార్లకు ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబూ ఒకే నిలువు కట్టగా ఉండే అమరిక. చవకైనది, చోటు తక్కువ తీసుకుంటుంది, అందుకే లోకమంతా అదే. దానికో స్వభావం ఉంది. బండిని దించినప్పుడు, చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వాలు మారిపోతుంది. బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే ఒరగమని తోసే మీట పొడవు పెరిగినట్లు. కొత్త స్ప్రింగులో ఉన్న అదనపు గట్టిదనంలో కొంత, దించడం వల్ల తెచ్చుకున్న ఈ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది. మన డబ్బుతో మనమే గుంత తవ్వి మనమే పూడ్చుకున్నట్లు.

ఒరిగినా పట్టు వదలని బండికి పాత ఉదాహరణ సిత్రోయెన్ 2సీవీ అనే ఫ్రెంచి కారు. 1948లో పారిస్ మోటార్ షోలో చూపించారు. గుడ్ల బుట్టను దున్నిన పొలం మీదుగా పగలకుండా తీసుకుపోవాలన్నది దాన్ని తయారుచేసిన వాళ్లు పెట్టుకున్న షరతు. మలుపులో అది ఒరిగే తీరు ఫొటోల్లో చూస్తే పడిపోతుందేమో అనిపిస్తుంది. నాలుగు టైర్లూ మాత్రం నేలనే పట్టుకుని ఉంటాయి. మనకు ఇలాంటి షరతు పెట్టుకోవాలంటే గుడ్లెందుకు, మదనపల్లె టమాటా బుట్ట చాలు.

అలాగని మెత్తనిదే సుఖం అనే వాళ్లతోనూ నేను ఒప్పుకోను. మా చిన్నాన్నకు ఒక పాత పెద్ద కారు ఉండేది. టౌనులో దిండు మీద కూర్చున్నట్లుండేది. అదే కారు ఘాటెక్కితే మా అక్క కొడుక్కు రెండో మలుపుకే వాంతులు. పడవలాగా నిదానంగా ఊగే ఊపు కడుపులో తిప్పుతుంది, మలుపు మలుపుకూ తల ఇటూ అటూ వాలుతుంటే ఇంకా తిప్పుతుంది. వాడికి సుఖం కావాలంటే ఆ బండి తక్కువ ఒరగాలి, ఒకసారి ఊగి ఆగిపోవాలి. అంటే “హ్యాండ్లింగ్” అని మనం పేరు పెట్టుకున్నదే అక్కడ పిల్లవాడి సుఖం. తక్కెడలో ఎదురెదురు పళ్లేలైతే ఇలా ఎందుకు జరుగుతుంది?

మామూలు కార్లను సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా కడతారు. మన నడక సెకనుకు దాదాపు రెండు అడుగులు కాబట్టి ఆ దరిదాపుల్లో ఊపు మన ఒంటికి అలవాటే. కూర్చున్న మనిషికి నిలువు కుదుపుల్లో అస్సలు పడనివి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. ఒంటి మీద కంపనాల ప్రభావానికి ఐఎస్ఓ 2631 అని ఒక ప్రమాణమే ఉంది. మా అమ్మకు ఆ నంబరు తెలియదు గానీ, నడుము మీద చేయి వేసుకుని సరిగ్గా అదే తీర్పు చెప్పింది. “ఎద్దుల బండి కూడా ఇంత ఎగరదు కదరా.” స్ప్రింగు ఎంత గట్టిపడితే ఈ పడని కుదుపులు అంత ఎక్కువగా సీటు దాకా వస్తాయి. రేసు కార్లు సెకనుకు మూడు సార్లు, అంతకన్నా ఎక్కువే ఊగేలా ఉంటాయి, నిజమే. వాటికి నేల నున్నగా ఉంటుంది, వెనక సీట్లో అమ్మ ఉండదు.

రోడ్ల గురించి అందరూ “గుంతలు” అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మన జిల్లాలో చెడ్డ రోడ్డు రెండు రకాలు. గుంత, అతుకు, స్పీడ్ బ్రేకరు ఒక రకం. రెండోది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు, మైదుకూరు దాటి కేసీ కెనాల్ చుట్టుపక్కల కనిపిస్తుంది. అక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని చేయి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. దాని మీద వేసిన రోడ్డు కొన్నేళ్లకు గుంత పడకపోయినా అలలు తిరుగుతుంది. పైన తారు నున్నగానే ఉంటుంది, బండి మాత్రం తేలుతూ మునుగుతూ పోతుంది. అరవై వేగంలో బండి సెకనుకు పదహారు మీటర్ల పైచిలుకు పోతుంది. అల పన్నెండు మీటర్ల పొడవుంటే సెకనుకు 1.4 సార్లు ఊపు. అంటే బండి స్వయంగా ఊగే వేగానికి సరిగ్గా తాళం కలుస్తుంది. షాకబ్ పట్టు లేకపోతే ఒక్కో అలకు ఊపు పెరుగుతూ పోతుంది.

ఈ రెండు రకాల్లో షాకబ్ పని వేరువేరు. అలల మీద దాని లోపలి రాడ్డు నిదానంగా కదులుతుంది. మలుపులో ఒరిగేటప్పుడూ అంతే. గుంతలో పడినప్పుడు అదే రాడ్డు దూసుకుపోతుంది. బండి వేగంతో దీనికి నేరుగా సంబంధం లేదు. ఇరవైలో పోతూ గుంతలో పడినా రాడ్డుది పెద్ద వేగమే. మంచి షాకబ్‌లో ఆయిలుకు రెండు దారులుంటాయి. నిదానపు కదలికకు సన్నటి సందు, అందులోంచి ఆయిలు కష్టంగా పోతుంది కాబట్టి గట్టి పట్టు. దూకుడు కదలికకు పలచటి ఉక్కు బిళ్లలు వంగి పెద్ద దారి తెరుస్తాయి, గుంత దెబ్బ సీటు దాకా రాకుండా జారిపోతుంది. ఒరగకుండా పట్టి ఉంచడం, గుంతను మింగడం అనే రెండు పనులనూ ఒకే డబ్బా చేయగలదు, ఎందుకంటే అవి రెండూ వేరువేరు వేగాల్లో వస్తాయి. స్ప్రింగుకు ఆ తెలివి లేదు. ఎంత నొక్కితే అంత తిరిగి తోస్తుంది, నిదానంగా నొక్కామా దబ్బున నొక్కామా దానికి తెలియదు. అందుకే పైసలు పెట్టేది ఉంటే ముందు షాకబ్ మీద పెట్టమంటాను.

అందులోనూ అతి చేసేవాళ్లున్నారు. షాకబ్ తిరిగి సాగేటప్పుడు మరీ గట్టిగా పట్టేస్తే ఇంకో తంటా. ఘాటు మలుపుల ముందు తెల్లటి రంబుల్ స్ట్రిప్స్ వరసగా ఉంటాయి. మొదటి గీతకు చక్రం పైకి వచ్చింది, మళ్లీ కిందికి సాగేలోపే రెండోది తగిలింది, ఆ లోపే మూడోది. బండి మెల్లమెల్లగా కుంగిపోయి చివరికి స్టాపర్ మీద కూర్చుంటుంది. సరిగ్గా మలుపు మొదలయ్యే చోట!

మా మేస్త్రీ షెడ్డులో ఆ రోజు చూసింది నాకు బాగా గుర్తుంది. ఘాటు సంగతి చెప్పి బండి అప్పగించాను. ఆయన స్ట్రట్ ఊడదీసి, స్ప్రింగు విడదీసి, షాకబ్ ఒక్కటే నా చేతికి ఇచ్చాడు. దాని ఒంటి మీద ఆయిలు కారి, దుమ్ము అంటుకుని, బెల్లం పాకం పూసినట్లు నల్లగా పేరుకుంది. “నొక్కు సార్” అన్నాడు. రాడ్డును నొక్కితే మొదటి రెండు వేళ్ల మేర ఏ పట్టూ లేకుండా జారిపోయింది, తర్వాత కాస్త బిగుసుకుంది. వదిలేస్తే అక్కడే ఉండిపోయింది. తర్వాత అట్టపెట్టెలోంచి కొత్తది తీసి ఇచ్చాడు. దాన్ని నొక్కడానికి రెండు చేతులూ వాడి, ఒంటి బరువంతా వేయాల్సి వచ్చింది. వదలగానే లోపలి గ్యాసు బలానికి తనంతట తానే నిదానంగా, ఒకే తీరున లేచి నిలబడింది. తెలియనివాడికి కూడా రెంటి మధ్య తేడా చెప్పనక్కర్లేదు.

“మీరు స్ప్రింగు మార్చినారు, షాకబ్ మార్చలే. ఇంటికి దూలం మార్చి చెదలు అట్నే పెట్టినట్లు” అన్నాడు.

“ఆ అమ్మినాయన చెప్పలే భాయ్.”

“ఆయన అమ్మేది స్ప్రింగులు కదా సార్.”

స్ట్రట్‌ను పైన బండికి పట్టించే టాప్ మౌంట్ రబ్బరు చీలి ఉంది. లోయర్ ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు ఎండకు ఎండీ ఎండీ వేళ్లతో గిల్లితే పొడి రాలుతోంది. మా ఎండల్లో, నలభై రెండు నలభై మూడు డిగ్రీలు పడే చోట, రబ్బరు సామాను పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగుతుందని నేనైతే నమ్మను. మలుపులో బండి “వదులుగా” ఉందని నేను అనుకున్నదాంట్లో సగం ఈ బుష్‌ల పాపమే అయ్యుంటుంది. స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే ముందు రబ్బరు సాగుతోంది. దానికి నేను స్ప్రింగులు కొన్నాను.

ఇక్కడ ఒక పని మీ కళ్లతో చూసి చేయించుకోండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టును ఆఖరి బిగింపు బిగించాల్సింది బండి నాలుగు చక్రాల మీద నేల మీద నిలబడినప్పుడు. బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగా బిగించేస్తే, బండి కిందికి దిగగానే ఆ రబ్బరు మెలిపడిపోతుంది. రోజంతా మెలికలోనే ఉంటుంది. కొన్ని నెలల్లో చీలుతుంది. అప్పుడు “డూప్లికేట్ ఇచ్చినాడు” అని సామాను అంగడి వాణ్ని తిడతాము. మా మేస్త్రీ బండి దించి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను కిందికి దూరి బిగించాడు. తర్వాత అలైన్‌మెంట్. కిందికి దించినప్పుడు మారిన టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, అలాగే ఉండి, ముందు టైర్ల లోపలి అంచులు అప్పటికే గీరుకుపోయాయి.

పదహారు అంగుళాల అల్లాయ్‌లను కూడా తీసేశాను. ఇది కాస్త మనసు కష్టపెట్టుకునే చేశాను, చూడ్డానికి బాగుండేవి. 185/65 ఆర్15 టైరు పక్క గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు, నేను వేసిన 195/55 ఆర్16ది 107. చక్రం మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, గాలి మెత్త మాత్రం పదమూడు మిల్లీమీటర్లు పోయింది. అది బండిలో అన్నిటికంటే చవకైన స్ప్రింగు. మొదటి దెబ్బ అదే తింటుంది. గాలి కూడా అంతే. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసిందో అంత, ఉదయం బండి తీయకముందు చూసుకుని పట్టించాలి. మైలేజీ వస్తుందని నలభై పట్టించుకుని తిరుగుతూ సస్పెన్షన్ బాగలేదనేవాళ్లు నాకు కనీసం ముగ్గురు తెలుసు.

స్ప్రింగు చుట్ల మధ్యలో ఇరికించే రబ్బరు ముక్కలు అమ్ముతారు, బండి లేస్తుంది, ఒరగదు అని. అవి ఒకటి రెండు చుట్లను పని చేయకుండా కట్టేస్తాయి, అంతే. ముందొకటి వెనకొకటి అయితే ఇంకా ఘోరం. మారిస్ ఆలీ అని రోల్స్ రాయిస్‌లో పనిచేసి తర్వాత అమెరికాలో జనరల్ మోటార్స్‌కు పోయిన ఇంజినీరు, 1930లలో కారులో బరువులు అటూ ఇటూ జరుపుతూ, మనుషులను కూర్చోబెట్టి ప్రయోగాలు చేశాడు. గతుకు ముందు చక్రాలకు ముందు తగులుతుంది, వెనకవాటికి కాస్త ఆలస్యంగా. కాబట్టి వెనక స్ప్రింగు కాస్త త్వరగా ఊగేలా ఉంటే, ముందుదాన్ని అందుకుని రెండూ కలిసి సర్దుకుంటాయని తేల్చాడు. లేకపోతే బండి గుర్రంలాగా ముందుకీ వెనక్కీ తూగుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు కుదిర్చిన ఆ ముందు వెనకల పొత్తును మనం రెండు రబ్బరు ముక్కలతో చెడగొడతాం.

ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ, యాంటీ రోల్ బార్, మార్చడం గురించి కొందరు అడుగుతుంటారు. ఒరుగు తగ్గించాలంటే స్ప్రింగు కన్నా అది నయమే. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే అది అడ్డు రాదు, మలుపులో పని చేస్తుంది. దాని బలం మందానికి నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22ది వేస్తే పది శాతం కాదు, 46 శాతం గట్టిదవుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అని వేయించుకున్నవాళ్లు ఆశ్చర్యపోయేది అందుకే. కానీ ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపును రెండో చక్రానికి కూడా పంచుతుంది, తలలు అటూ ఇటూ ఊగుతాయి. ఒక పక్కే గుంతలున్న రోడ్లు మనకు తక్కువా?

గట్టిదే కావాల్సినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అనంతపురంలో మా స్నేహితుడు ప్రతి సోమవారం 44వ నంబరు హైవే మీద పెనుకొండ మీదుగా బెంగళూరు పోతాడు. ఎత్తైన ఎస్‌యూవీ, వంద దాటిన వేగం. ఎత్తు పెరిగితే బరువు మార్పిడీ పెరుగుతుంది, నేను పైన కట్టిన లెక్కలో అరమీటరు చోట ముప్పావు మీటరు వేసి చూడండి, 250 కిలోలు వస్తుంది. అంత వేగంలో లేన్ మారేటప్పుడు బండి ఆలస్యంగా ఒరిగి ఆలస్యంగా లేస్తే భయమే. అతనికి కాస్త గట్టి స్ప్రింగులు, వాటికి సరిపోయే షాకబ్‌లు కలిపి వేయించుకోవడం న్యాయమే. అతను నాతో అనేదీ అదే. “నీ ఘాటు లెక్క నాకు చెప్పొద్దప్పా.” సరే, చెప్పను. కానీ అతను కూడా రెండూ కలిపే కొన్నాడు, ఒకటే కొనలేదు.

దించడం సంగతి మాత్రం ఎవరికీ వద్దంటాను. స్విఫ్ట్ నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తు. 35 తీసేస్తే 128, నలుగురు కూర్చుంటే ఇంకా తక్కువ. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐఆర్‌సీ 99 ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఉండేది, ఇరవై ఐదు వేగంలో దాటగలిగేలా. ఆ 3.7 మీటర్లను మర్చిపోయి, ఎత్తు మాత్రం గుర్తుపెట్టుకుని, ఒక సిమెంటు మూటతో రాత్రికి రాత్రి వీధివాళ్లే కట్టినవి మా ఇంటి దారిలో రెండున్నాయి. స్ప్రింగులు మార్చిన ఆ రెండు వారాలు వాటి మీద బండి పొట్ట గీరుకునే చప్పుడుకు పక్కింటివాళ్లు బయటికి వచ్చేవాళ్లు. చట్టం వైపు నుంచి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మార్పుల గురించే. ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్స్‌వాళ్లు అడిగే మొదటి ప్రశ్నలకు సమాధానం మన దగ్గర ఉండాలి.

ఇప్పుడు నా బండికి ఉన్నవి పాత స్ప్రింగులే, ఫ్యాక్టరీవి. కంపెనీవాటి కన్నా ఒక మెట్టు గట్టివైన షాకబ్‌లు నాలుగు, కొత్త టాప్ మౌంట్‌లు, కొత్త బుష్‌లు, పదిహేను అంగుళాల టైర్లు. ఆ ఎడమ మలుపులో, అదే యాభై మీద, అతుకు దగ్గర “టప్” అని చిన్న చప్పుడు వచ్చింది. ఒరుగు అంతకుముందు కన్నా తగ్గింది కూడా, ఎందుకంటే ఒరిగే తొందర తగ్గింది. పూర్తిగా ఒరిగేలోపు మలుపు అయిపోతోంది. ఊరికే వచ్చిన లాభం మాత్రం కాదు. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర సందుల్లో ఇరవైలో పోతుంటే చిన్న చిన్న పగుళ్లు మునుపటికన్నా కాస్త ఎక్కువ తెలుస్తాయి. నేను చెప్పకముందే అమ్మ కనిపెట్టింది. “టౌన్లో కొంచెం గట్టిగుంది, కొండ మీద బాగుంది” అంది. ఇంతకన్నా మంచి టెస్ట్ రిపోర్టు ఏ మ్యాగజైనులోనూ చదవలేదు. టౌను ఐదు నిమిషాలు, కొండ దారి గంట. ఆ బేరం నాకు సమ్మతమే.

ఆ దించుడు స్ప్రింగులు నాలుగూ మా అటక మీద, ఊరగాయ జాడీల పక్కన గోనెసంచిలో ఉన్నాయి. పోయిన నెల మా బామ్మర్ది వచ్చి చూసి, “బావా, ఊరికే పడున్నాయి కదా, నా బండికి వేసుకుంటా” అన్నాడు. వాడిదీ స్విఫ్టే.

“షాకబ్‌లు ఎంత తిరిగినాయి?” అన్నాను.

“ఎప్పుడూ మార్చలే. డెబ్బై వేలు అయ్యుంటుంది.”

“ముందు అవి మార్పించుకో. తర్వాత వచ్చి ఇవి ఎత్తకపో.”

షాకబ్‌లు మార్పించుకున్నాడు. స్ప్రింగుల కోసం ఇంకా రాలేదు.